పైనుంచే లేటు

ప్రొద్దుటూరులో ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే ఫిలిప్ నోట ఎప్పుడూ ఒకే మాట: "పైనుంచే ప్రాబ్లం." ఎలుక వైరు కొరికినా పైనుంచే, లారీ తగిలి కేబుల్ తెగినా పైనుంచే, తానే కునుకు తీస్తూ ఫోను ఎత్తకపోయినా పైనుంచే. ఆ పైన ఎవరున్నారో ఇంతవరకు ఎవరూ అడగలేదు. జమ్మలమడుగు మిషన్ కాంపౌండులో పుట్టి, ఇప్పటికీ ఆదివారం బడిలో పిల్లల చేత పది ఆజ్ఞలు వల్లె వేయించే మనిషి అతను. అయినా ఈ మాటను మాత్రం అబద్ధాల కింద జమ కట్టుకోలేదు.

పరుపులు కుట్టే జమాల్ కూతురు అఫ్సానాకు పులివెందుల సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు రెహాన్ కువైట్‌లో ఏసీ మెకానిక్. కంపెనీ సెలవివ్వలేదు. అనుకున్న తారీఖు మార్చడానికి రెహాన్ తండ్రి ఫరూఖ్ ససేమిరా అన్నాడు. నిఖా వీడియోలో జరిపించి, సెలవు దొరికినప్పుడు అతను వచ్చి భార్యను తీసుకుపోయేట్టు మాట్లాడుకున్నారు.

"వేంపల్లెలో మాదిరి నగుబాటు కాకూడదప్పా," అన్నాడు జమాల్, ఫిలిప్‌తో. వేంపల్లె సంగతి జిల్లా అంతా తెలుసు. ఖాజీ అడిగిన మాట గల్ఫ్ చేరి జవాబు తిరిగొచ్చేలోపు, ఓపిక లేని పెద్దాయన ఒకరు "బిర్యానీల ఉప్పు తక్కువైనట్టుంది గదా?" అన్నాడు. సరిగ్గా అప్పుడే పెళ్లికొడుకు గొంతు "ఖబూల్ హై" అంది.

ఫిలిప్ ఈ పనిని పంతంగా తీసుకున్నాడు. ఇక్కడి మాట చెన్నై చేరి, సింగపూర్ వెళ్లి, యూరప్ చుట్టి కువైట్ చేరుతోందని కనిపెట్టాడు. పులివెందుల పోవడానికి చెన్నై బస్సెక్కినట్టుంది వ్యవహారం. చెన్నైలో తనకు లైను అమ్మే కంపెనీ ఇంజనీరును బతిమాలి, విసిగించి, ముంబై నుంచి సముద్రం కింద తిన్నగా గల్ఫ్‌కు పోయే కేబుల్ మీదికి దారి మళ్లించాడు. ఇక ఇటు అడగడం, అటు పలకడం, మధ్యలో ఆలస్యమన్నదే లేదు. తన పనికి తనే మురిసిపోయే గుణం ఫిలిప్‌ది. ఆ సంగతి టీ అంగడి దాకా వెళ్లి చెప్పుకున్నాడు.

నిఖా రోజు మగవాళ్లు హాల్లో పెద్ద టీవీ ముందు, ఆడవాళ్లు పరదా అవతల చిన్న టీవీ ముందు కూర్చున్నారు. పెళ్లికూతురి తరఫున మాట్లాడే వకీలు, సాక్షులు లోపలికి వెళ్లి అఫ్సానా ఒప్పుకోలు తీసుకొచ్చారు. ఇక మిగిలింది రెహాన్ మాటే. ఖాజీ అడిగాడు.

రెహాన్ పలకలేదు.

చొక్కా కాలరు సర్దుకున్నాడు. పక్కకు తిరిగి ఎవరినో చూసి, తల దించుకున్నాడు. పెదవులు తడుపుకున్నాడు. ఫిలిప్ ల్యాప్‌టాప్‌లో లైను ఏ వంకా లేకుండా పచ్చగా నడుస్తోంది. హాల్లో అందరి తలలూ ఫిలిప్ వైపు తిరిగాయి. జమాల్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏందప్పా ఇది?" అన్నాడు ఫరూఖ్.

లైనులో ఏ తప్పూ లేదని ఫిలిప్‌కు తెలుసు. అయినా నోరు అలవాటుగా తెరుచుకుంది. "బొమ్మ వస్తాంది మామా, మాటే రాలేదు. పైనుంచే లేటు. ఇంగోసారి అడగమనండి."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ సందులో ఫరూఖ్ టీవీకి దగ్గరగా జరిగి కొడుకును పేరు పెట్టి పిలిచాడు, ఒకే ఒకసారి. ఖాజీ మళ్లీ అడిగాడు. "ఖబూల్ హై," అన్నాడు రెహాన్, తల ఎత్తకుండానే. మూడుసార్లూ అలాగే అన్నాడు. మగవాళ్లు లేచి ఒకరినొకరు కౌగిలించుకున్నారు.

భోజనాల దగ్గర జమాల్ మంచి ముక్కలు ఏరి మరీ ఫిలిప్ పళ్లెంలో వేశాడు. "నీ వల్లనే పరువు నిలబడిందప్పా," అన్నాడు. రెహాన్ సిగ్గుపడ్డాడేమోలే అని సర్దిచెప్పుకోబోయాడు ఫిలిప్. సిగ్గో, ఇష్టం లేకో, ఆ మౌనం రెహాన్‌ది. దాన్ని కప్పిపుచ్చడానికి నేనెవరిని? నా కూతురైతే ఆ మాట అనేవాణ్ణా? లైను బాగుంది, వాడే పలకలేదని అరిచి చెప్పేవాణ్ణి. తన మీద తనకే అసహ్యం వేసింది. చేయి కడుక్కుని లేచాడు.

చిన్న టీవీ వైర్లు చుట్టుకుందామని లోపలికి వెళితే అఫ్సానా ఒక్కతే ఉంది. ముఖానికి కట్టిన పూల సెహరా తీసి పక్కన పెట్టింది.

"అన్నా, నిజం చెప్పు. లైను లేటయిందా?"

ఈసారి అబద్ధం రాలేదు. "లేదమ్మా. లైను బాగనే ఉండె."

"నాకు తెలుసు. ఆడ ఆయన రూములో ఎవరో తలుపేసిన చప్పుడు గూడా వినపడె. పరదా సందులోనించి నీ ముఖమే చూస్తాంటి. నువ్వొక్క మాటంటే మా అబ్బా ఆపించేటోడు. నీ మాటంటే ఆయనకు శానా గురి."

"తప్పయిపాయమ్మా. ఇప్పుడన్నా పోయి మీ అబ్బాతో చెప్తా."

"ఇంగేం చెప్తావులే. అయిపాయ గదా."

ఏడ్చినా, తిట్టినా ఫిలిప్ ఓర్చుకునేవాడు. ఆమె రెండూ చేయలేదు. చేతిలో ఫోను మోగింది. రెహాన్ పేరు చూసి, ఎత్తకుండా మోగనిచ్చింది.

"ఒక సాయం చేస్తావా అన్నా? మా ఇంటికి పాత లైనే పెట్టు."

"ఎందుకమ్మా? దాంట్లో మాట శానా లేటుగా వస్తాది."

"అందుకే అడుగుతాండా. ఆయన పలకనప్పుడు లైను లేటనుకుంటా."

ఫిలిప్ సంచి దించి ల్యాప్‌టాప్ తెరిచాడు. జమాల్ ఇంటి లైనును ముంబై దారి నుంచి తీసి, మళ్లీ సింగపూర్, యూరప్ చుట్టూ తిప్పాడు.