పక్కింటి గుమ్మి

నేను ఒక గుమ్మిని. అంతటితో ఊరుకుంటే నా కథ మీకు అర్థం కాదు. నాకో కవల ఉంది, నా ఏడుపంతా దాని గురించే. ఒకే మేదరి ఒకే వెదురు మోపులోంచి మా ఇద్దరినీ అల్లాడు. ఎత్తూ లావూ సమానం. పేడా ఎర్రమన్నూ కలిపి అలికాక అల్లినవాడే మమ్మల్ని పోల్చుకోలేకపోయాడు. పట్నం వాళ్ళకు తెలియదేమోనని చెబుతున్నాను, రైతు ఇంట్లో ఏడాది తిండిగింజలు దాచేది నాలోనే. మనిషెత్తు ఉంటాను. పైన పోయడానికి నోరు, దాని మీద మూత, అడుగున గింజలు తీయడానికి ఒక కంత, ఆ కంతకు కుక్కిన పాత గుడ్డ. ఇంతే నా రూపం.

అన్నదమ్ములు వేరుపడిన రోజున మేమూ వేరుపడ్డాం. చీటీలు వేసి పంచుకుంటే అన్న మొగులప్పకు బావి కింది నల్లరేగడి వచ్చింది, తమ్ముడు ఉసేనప్పకు మిట్ట మీది రాళ్ళ చెలక వచ్చింది. తప్పు ఎవరిదీ కాదు. కానీ చీటీ తీసేటప్పుడు నన్నెవరైనా అడిగారా? ఇంటి మధ్యన ఒక గోడ లేచింది, దూలం దాకా కూడా కాదు, మనిషి తల దాటేంత. గోడకు అటు అది, ఇటు నేను.

ఆ యేడే అది నోటిదాకా నిండింది. నేను సగానికి నిండాను. మరుసటేడు అది మళ్ళీ నిండింది, నాకు అడుగు మాత్రం కప్పింది. అటు జొన్నలు పోస్తుంటే దుమ్ము లేచి గోడ మీంచి నా మీద పడేది. ఆ దుమ్ము చూసినా నాకు కడుపుమంటే. దానికి పురుగు పట్టాలనీ ఎలుక దూరాలనీ ఎన్నిసార్లు కోరుకున్నానో లెక్కలేదు. ఓసారి నిజంగానే ఎలుక వచ్చింది. ముందు నా దగ్గరికే వచ్చి, వాసన చూసి, గోడెక్కి అటు పోయింది. చివరికి ఎలుకలకు కూడా ఉన్నవాళ్ళే కావాలి.

మా ఊళ్ళో ఒక అలవాటుంది. ఇంటికి వచ్చినవాళ్ళు కూర్చునే ముందు గుమ్మి పొట్ట మీద అరచేత్తో ఒక్కటి కొడతారు. నిండుగా ఉంటే దప్పుమంటుంది, ఖాళీగా ఉంటే డబడబ మోగుతుంది. నోటితో అడిగితే మర్యాదగా ఉండదు గనుక చేత్తో అడుగుతారన్నమాట. నేను మోగేదాన్ని. మోగిన ప్రతిసారీ గోడకు అటు, మొగులప్ప పెళ్ళాం లాలమ్మ తిప్పుతున్న తిరగలి కాసేపు ఆగేది. ఇటు నా ఇల్లాలు తిప్పమ్మ, అది ఆగడం వినేది.

కంకి సరిగ్గా పట్టని ఒక యేడు తిప్పమ్మ తెగించింది. నాలుగు రోజులపాటు తెల్లవారుజామునే కళ్ళం ఊడ్చి, గంపలతో పొట్టు మోసుకొచ్చి నాలో కూరింది. తిండికి మిగిలిన నాలుగు గింజలూ వంటింటి కుండలో పోసుకుంది. ఉసేనప్ప చూసి నవ్వాడు.

"గుమ్మికి పొట్టు వెడుతున్నవు. మరి మనకేం వెడ్తవే?"

"మనం తిన్నది ఎవలు జూస్తరు? గుమ్మినైతె ఊరంత జూస్తది" అంది తిప్పమ్మ.

పైన పటారం, లోన లొటారం. అయినా నేను మురిసిపోయాను. మర్నాడే లాలమ్మ చింతపండు కోసం వచ్చి నన్నొకటి కొట్టింది. దప్పుమన్నాను. ఆమె కొట్టిన చేతిని వెంటనే తీయలేదు. ఆ ఒక్క చప్పుడుతో మూడేళ్ళు బతికాను.

ఆ మూడేళ్ళలో రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. ఈసారి విత్తే కార్తె మిరుగు దగ్గరపడే వేళకు విత్తనం కోసం కుండలో దాచిన జొన్నలు కూడా తిప్పమ్మ కాచే గటకలోకి పోయాయి. అప్పుడు ఊళ్ళో చాటింపు వేశారు. కరువు సాయం రాసుకోవడానికి సర్కారు నుంచి సారు వస్తున్నాడట. గింజలు లేని ఇంటికి రెండు మూటల జొన్నలిస్తారట, ఒకటి తినడానికి, ఒకటి విత్తడానికి. అవి దొరక్కపోతే మిట్ట చెలక బీడు పడుతుంది, ఉసేనప్ప ఇల్లు మూసి కూలికి వలసపోవాల్సిందే.

ఆ సాయంత్రమే గోడకు అటు హడావిడి మొదలైంది. మొగులప్ప తన గుమ్మి కంత తెరిచి, తొమ్మిది మూటలు నింపి, పశువుల కొట్టంలో గడ్డి కింద దాచాడు. తిప్పమ్మ కూడా నన్ను ఖాళీ చేద్దామనుకుంది. కానీ ఆ పొట్టును గంపలకెత్తి లాలమ్మ వాకిలి ముందు నుంచే మోయాలి. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటూ ఉండగానే సారు వచ్చేశాడు.

ముందు అటు వెళ్ళాడు. ఆయనా రైతు బిడ్డే, గుమ్మి సంగతి తెలిసినవాడే. నా కవల పొట్ట మీద కొట్టాడు. డబడబ మోగింది. నా జన్మలో అంత తీయని చప్పుడు వినలేదు. తరువాత ఇటు వచ్చి నన్ను కొట్టాడు. నా బలమంతా కూడదీసుకుని దప్పుమన్నాను.

"నీకేందమ్మా, గుమ్మి నిండుగుంది" అంటూ కాగితం మీద ఉసేనప్ప పేరు కొట్టేశాడు.

అప్పుడు తెలిసింది నేను చేసిన పని. తిప్పమ్మ గడప దగ్గర నిలబడి ఉంది, ఆమె వెనక లాలమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్ళు. మాట్లాడితే పరువు పోతుంది, మాట్లాడకపోతే చెలక పోతుంది. సారు చెప్పులు తొడుక్కుంటున్నాడు. తిప్పమ్మ గబగబా నా దగ్గరికొచ్చి, కింద కూలబడి, కంతలోని గుడ్డ లాగేసింది. పొట్టు బుస్సుమని ఆమె ఒళ్ళో పడింది.

"పొట్టే సారు. మూడేండ్ల సంది పొట్టే. రాస్కో."

సారు వంగి పిడికెడు తీసుకుని ఊదాడు. అరచేతిలో ఒక్క గింజ మిగల్లేదు. కొట్టేసిన పేరును మళ్ళీ రాసుకున్నాడు.

"నాకొక్క మాట జెప్పరాదా, చెల్లె?" అంది లాలమ్మ.

"నీకెట్ల జెప్తనక్కా? నీకు ఇనబడొద్దనే గద నింపిన."

లాలమ్మ గడప దాటి లోపలికొచ్చింది. చీపురు అందుకుని ఆ పొట్టంతా, నాలో మిగిలింది కూడా, తనే ఊడ్చి గంపకెత్తింది.

సారు ఊరు దాటేదాకా ఆగి, కొట్టంలోంచి ఒక మూట నెత్తిన పెట్టుకుని వచ్చింది. మంచితనానికి కూడా వేళ చూసుకోవాలి కదా. సారు కాగితంలో మొగులప్ప పేరు చెక్కుచెదరకుండా ఉంది. ఉన్నమ్మ ఉన్నమ్మకే పెట్టును, లేనమ్మ ఉన్నమ్మకే పెట్టును అని ఊరికే అన్నారా!

మూడేళ్ళు పొట్టుతో పరువు కాచుకున్న మనిషి గదా, తిప్పమ్మ వద్దంటుందనుకున్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని, "పొయ్యక్కా" అని కంతకు మళ్ళీ గుడ్డ కుక్కి, నా మూత తీసి పట్టుకుంది. తోటికోడళ్ళిద్దరూ చెరో కొస పట్టి మూట ఒంపారు. జొన్నలు చల్లగా నా అడుగున పడ్డాయి. ఆ పూటే తిప్పమ్మ కంత నుంచి శేరు గింజలు తీసి, విసిరి, రొట్టెలు కొట్టింది. మొదటి రొట్టె తాను తినలేదు, ఉసేనప్పకూ పెట్టలేదు. వేడివేడిగా తీసుకెళ్ళి లాలమ్మ చేతిలో పెట్టింది. ఇద్దరూ లాలమ్మ వాకిట్లోనే కూర్చుని, తుంచుకుని తిన్నారు.

తిప్పమ్మకు ఆ రోజుతో అసూయ తీరిపోయింది. నాకు కూడా తీరిందని చెబితే వినడానికి బాగుంటుంది. అబద్ధమెందుకు? వాళ్ళు రొట్టె తింటున్నంతసేపూ, కడుపులో వాళ్ళ జొన్నలే పెట్టుకుని, మా రొట్టె అటు పోయిందే అని ఏడుస్తూ కూర్చున్నాను.