మూసిన బీడు

దగ్గరికి జరగండమ్మా. గోడవారన నిలబడ్డ పిల్లా, నువ్వూ రా. కాళ్ళు చాపుకుని వింటే వినండి గానీ మధ్యలో లేచిపోవద్దు.

ఎక్కడో దూరదేశంలో, షిన్యాంగా వైపు మ్వాగిండు అని, పశువుల్ని మేపుకు బతికే సుకుమావాళ్ళ ఊరు. అక్కడ న్యాంజాలా అనే పెద్దావిడకు వానలు మొదలైతే కాలు ఒకచోట నిలవదు. ఊరి పచ్చిక బీడును వానాకాలమంతా మూసేస్తారు, దాన్ని న్గితిలి అంటారు. కాపలా ఆమెది. ఒక్క ఆవు అడుగు పెట్టకూడదు. ఎండలు ముదిరి చుట్టుపక్కల గడ్డిపరక లేనప్పుడు, ఊరంతా కూర్చుని తెరిచే రోజు పెట్టుకుంటారు. ఆమె పదకొండు ఆవులూ, ఊళ్ళో మందలన్నీ ఆ కరువు నెలలు దానిమీదే బతకాలి.

ఆ బీడు కింద బంగారం ఉందని ఒక పరాయి దేశపు కంపెనీ తవ్వడానికి అనుమతి తెచ్చుకుంది. ఊరు సభ పెట్టి, చేతులెత్తి వద్దంది. ప్రభుత్వం ఆ మాట విని అనుమతి రద్దు చేసింది. హమ్మయ్య అనుకునేలోపు కంపెనీ దేశాన్నే బోనెక్కించింది. కంపెనీకి నష్టమొస్తే దావా వేయొచ్చని ఏనాడో ఆ రెండు దేశాలు రాసుకున్న ఒప్పందం ఉందట. సముద్రం అవతల ముగ్గురు మధ్యవర్తులు కూర్చుని తీర్పు చెబుతారట. దేశం ఓడితే పరిహారమైనా కట్టాలి, బీడైనా అప్పగించి రాజీపడాలి. చేతులెత్తిన ఊరికి మాత్రం అక్కడ కుర్చీ లేదు.

ఒక పొద్దున ప్రభుత్వం తరఫు లాయరు బిషాంగా జీపు దిగాడు. చేతిలో కంపెనీ తీయించిన ఫొటో. మోకాలెత్తు గడ్డి, అందులో ఆవు లేదు, మనిషి లేడు.

“ఇది ఖాళీ భూమి, ఎవరూ వాడుకోవడం లేదని రాశారు పెద్దమ్మా.”

“ఖాళీయా! వాళ్ళ బుర్రలు ఖాళీ. మూశాం గనక అలా ఉంది. అదే చెప్పు నాయనా.”

“చెప్పాను. రుజువేదీ అంటున్నారు. ఎల్లుండి లోపల పంపాలి. రేపు ఒక్క పూట మందల్ని లోపలికి తోలండి, ఫొటో తీసుకుని వెళ్ళిపోతాను.”

“తెరవడానికి ఇంకా ఇరవై రోజులుంది. ఆ ముగ్గురూ గడ్డి తినేవాళ్ళయితే తెలిసేది!”

“ఒక్క పూటే కదక్కా,” అన్నాడు ఊరిపెద్ద మలోంగో.

“నీకేం తమ్ముడూ, నీవి మేకలు. ముళ్ళకంపయినా నమిలేస్తాయి.”

అందరూ నవ్వారు. మలోంగో నవ్వలేదు. “రేపు బీడే పోతే దేనికి కాపలా కాస్తావక్కా?”

న్యాంజాలా లేచి బీడు చుట్టూ నడిచింది. మళ్ళీ నడిచింది. గడ్డి ఇంకా గింజ రాల్చలేదు. ఇప్పుడు తొక్కితే వచ్చే ఏటికి మొలక ఉండదు. ఒక్కసారి తెరిస్తే రేపటినుంచి ఎవరి మందను ఆపగలదు? తెరవకపోతే మలోంగో అన్నట్టే అవుతుందేమో. ఎన్ని చుట్లు తిరిగినా మనసు ఓ చోట నిలవలేదు.

మర్నాడు మందలన్నీ కంచె దగ్గరికి వచ్చేశాయి. న్యాంజాలా దారికి అడ్డంగా నిలబడింది. “నాయనా, వాళ్ళకు చూపించడానికి మా ఆవుల నోట్లో మట్టి కొట్టలేం. మమ్మల్ని ఇలాగే ఫొటో తియ్యి.”

కంచెకు ఇవతల ఆవులు, మనుషులు. అవతల గాలికి ఊగే గడ్డి.

“ఇది చూసి, వాళ్ళ ఆవులే లోపలికి పోవడం లేదంటారు పెద్దమ్మా.”

“అంటారు,” అంది. “అన్నప్పుడు నువ్వేమంటావు?”

బిషాంగా ఫొటో తీసి, జీపు బానెట్ మీద కాగితం పరిచాడు. ఎప్పుడు మూస్తారు, ఎప్పుడు తెరుస్తారు, తప్పు చేస్తే ఏం దండుగ, అన్నీ రుజువుగా రాసుకున్నాడు. మలోంగో మొదటి వేలిముద్ర వేశాడు. “ఆ ముగ్గురూ ఇది చదువుతారా?” అనడిగింది న్యాంజాలా. “చదివి తీరాలని రూలెక్కడా లేదు,” అన్నాడు బిషాంగా.

ఇరవై రోజులకు బీడు తెరిచారు. ఆవులు కడుపునిండా మేశాయి. ఆ రోజు ఫొటో తీసేవాళ్ళెవరూ రాలేదు.

తీర్పు ఇంకా రాలేదు. జీపు చప్పుడైతే చాలు, న్యాంజాలా చేతిలో పని వదిలేసి బయటికొస్తుంది. ఆ ముగ్గురి గదిలోకి ఊరి గొంతు పోదు గనక, మీరైనా గుర్తుపెట్టుకోండమ్మా. ఊరంతా ఓర్చుకుని ఆగితేనే ఆ గడ్డి పెరిగిందని, ఎదురైన వాళ్ళకల్లా చెప్పండి.