కిటికీ పక్క కుర్చీ

నా భార్య పోయి నెల దాటింది. ఇద్దరం ఒకే బడిలో పనిచేశాం. ఆమె లెక్కలు చెప్పేది, నేను చరిత్ర. స్టాఫ్ రూములో కిటికీ పక్కనున్నది ఆమె కుర్చీ. దాని కాలొకటి ఊగిసలాడేది. బాగుచేయించమని మూడుసార్లు కాగితం పెట్టింది. అప్పుడు చాదస్తమని నవ్వుకున్నవాళ్లే ఈ నెలంతా దాన్ని తప్పుకుని తిరిగారు. నేనైతే అటు చూడనేలేదు.

కొత్తగా చేరిన సైన్సు మాస్టారికి కుర్చీ లేదు. సోమవారం పొద్దున, మొదటి గంట కొట్టకముందు, ఆయన అందులో కూర్చుని, ఒళ్లు విరుచుకుని, "అబ్బ" అన్నాడు. అంతే.

మధ్యాహ్నానికి డ్రాయింగు మాస్టారికి వెలుతురు కరువైంది. "దాని మీద నేనెప్పుడో కన్నేశాను. మర్యాద కాదని నోరు మూసుకున్నాను."

"మూసుకున్నారుగా, అలాగే ఉంచండి," అంది ఇంగ్లీషు టీచరు. "నా మెడనొప్పికి గాలి తగలాలన్నాడు డాక్టరు."

"మన కిటికీ సంగతి ఆయనకెలా తెలుసమ్మా?" అన్నాడు డ్రాయింగు మాస్టారు.

పక్కవాడి పేపరులోకి తొంగిచూసిన పిల్లవాడికి సున్నా వేసేవాళ్లం మేము. ఇప్పుడు ఒకరి కోరిక చూసి ఒకరు కాపీ కొడుతున్నాం.

తగువు తీర్చడానికొచ్చిన హెడ్మాస్టరు కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది నా గదిలో ఉంటే సరిపోతుందేమో," అన్నాడు. వెంటనే వడ్రంగిని పిలిపించాడు. మూడు కాగితాలకు కదలని పని అరగంటలో అయిపోయింది.

అప్పుడు నాకూ కావాలనిపించింది. దుఃఖం వల్లనే అనుకోవచ్చు. కానీ దుఃఖం నెల నాటిది. ఆశ మాత్రం ఆ మధ్యాహ్నం పుట్టింది.

"అది నాకు కావాలి," అన్నాను.

హెడ్మాస్టరు కుర్చీ మీంచి చెయ్యి తీసేశాడు. భార్య పోయినవాడితో ఎవరు వాదిస్తారు? సైన్సు మాస్టారు నా పాత కుర్చీలోకి మారాడు.

మర్నాడు పదకొండింటికి ఎండ సూటిగా కళ్లలో కొట్టింది. దిద్దుతున్న పేపరు మీద అక్షరం ఆనలేదు. జరుగుదామంటే అటు బీరువా, ఇటు గోడ. పదకొండేళ్లు ఆమె ఇక్కడే కూర్చుని దిద్దింది. ఒకసారి, "కాసేపు చోటు మారదామా?" అని అడిగితే, తల ఎత్తకుండానే, "అలవాటైపోతుందిలే," అన్నాను.

"ఎలా ఉంది మాస్టారూ?" అన్నాడు డ్రాయింగు మాస్టారు, ఇంకా ఆశ చావక.

"హాయిగా ఉంది," అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది.