నీడ లేని మధ్యాహ్నం

“నువ్వు లేకుంటే ఈ జాతర జరగదు ఈశ్వరీ” అన్నాడు జయరాముడు. అప్పుడు ఆమె చేటలో వేరుశనగ గింజలు నలిపి పొట్టు చెరుగుతూ ఉంది. తెల్లవారితే తనకల్లు హైస్కూలు మైదానంలో సైన్సు జాతర. వచ్చే జనానికంతా చిత్రాన్నం, దాంట్లోకి వేయించిన గింజలు, మజ్జిగ. జయరాముడు ఆ బడిలో ఫిజిక్సు మాస్టరు. జాతర మొదలుపెట్టింది, నడిపిస్తున్నది ఆయనే. ఏటా సరిగ్గా వంట సామాను సర్దే వేళకు ఈ మాట అంటాడు. మొదట్లో ఆమె పొంగిపోయేది. తను లేకుంటే జరగనిది జాతర కాదని, భోజనాలని అర్థమయ్యే సరికి చాలా జాతరలు గడిచిపోయాయి.

ఈశ్వరి కూడా ఫిజిక్సే చదివింది. పెళ్ళికి ముందు కదిరిలో ట్యుటోరియల్ కాలేజీలో కాంతి పాఠాలు చెప్పేది. అద్దం ముందు కొవ్వొత్తి పెట్టి పిల్లల చేత దూరాలు కొలిపిస్తుంటే, గది చివర బెంచీలోని వాళ్ళు కూడా లేచి నిలబడి మెడలు సాచేవాళ్ళు. ఆ మెడలు ఆమెకు ఇప్పటికీ గుర్తే. పెళ్ళయి ఈ ఇంటికొచ్చాక చదువు పోలేదు, దాని పని మారింది. జయరాముడు ప్రశ్నపత్రం తయారు చేసేటప్పుడు వంటగది గుమ్మంలో కుర్చీ వేసుకొని కూర్చుంటాడు. ఆమె రొట్టె తడుతూ లెక్క చెబుతుంది, ఆయన రాసుకుంటాడు. మరునాడు స్టాఫ్‌రూములో ఆ లెక్కను తను ఎట్లా అల్లినాడో వివరిస్తాడట. ఆ సంగతి తోటి మాస్టర్లే ఇంటికొచ్చి ఆమె చేతి కాఫీ తాగుతూ చెబుతారు, మీ ఆయన బుర్రే బుర్ర అక్కా అని. అత్త రామసుబ్బమ్మ అయితే కోడలి చదువును బంధువులందరి ముందూ మెచ్చుకునేది. “బీయెస్సీ చదివింది మా కోడలు. మందు సీసాల మీద ఉండేదంతా గడగడ చదువుతాది” అనేది. అందులో ఎగతాళి లేదు. అదే ఈశ్వరికి ఎక్కువ గుచ్చుకునేది.

ఈ ఏడు జాతర ఏప్రిల్ ఆఖరు వారంలో పెట్టారు. శివరాత్రికి ముందు ఒకనాడు కమిటీ వాళ్ళంతా ఇంటి ముందు గదిలో కూర్చొని కార్యక్రమాలు అనుకుంటున్నారు. చిన్నపిల్లలకు కాగితం రాకెట్లు, పెద్దపిల్లలకు నీళ్ళ రాకెట్లు, ముసలివాళ్ళకు సూక్ష్మదర్శినిలో బోరునీళ్ళ బొట్టు చూపించడం. ఆడవాళ్ళకు ఎప్పటిలాగే పప్పులో, పసుపులో కల్తీ కనుక్కోవడం. ఈశ్వరి టీ గ్లాసుల పళ్ళెంతో గదిలోకి వచ్చి, గ్లాసులు ఇవ్వకుండా అట్లాగే నిలబడింది. మీరు పెట్టుకున్న రోజునే మన ఊరికి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడని, నిట్టనిలువుగా ఉన్న దేనికీ ఆ కాసేపు పక్కన నీడ పడదని, ఏడాదికి రెండుసార్లే అట్లా జరుగుతుందని చెప్పింది. “అది నేను చూపిస్తాను. అన్ని వయసుల వాళ్ళూ రావచ్చు” అంది.

ఎవరూ కాదనలేదు. ఒకాయన మాత్రం, మంచిదే గానీ మిట్టమధ్యాహ్నమంటే భోజనాల వేళ కదా అక్కా అన్నాడు. జయరాముడు నవ్వి, దాన్ని చూద్దాంలే అన్నాడు. అచ్చయి వచ్చిన కరపత్రంలో ‘నీడ లేని మధ్యాహ్నం: నిర్వహణ, జయరాముడు దంపతులు’ అని ఉంది. ఈశ్వరి ఆ ‘దంపతులు’ అనే మాటను చాలాసేపు చూసింది. పెళ్ళి పత్రికలో, సత్యనారాయణ వ్రతంలో ఆ మాట ఎంత నిండుగా ఉంటుంది. ఇక్కడ మాత్రం ఎవరో తన మీద దుప్పటి కప్పి, ముడి వేసినట్టనిపించింది. అయినా, ఆ రోజు ఎండలో నిలబడేది ఎవరో జనం చూస్తారు కదా, పేరుదేముంది అనుకుంది.

దానికోసం ఆమె శివరాత్రి దాటినప్పటి నుంచి మిద్దె మీద సాధన చేస్తోంది. ఒడియాలు ఎండబెట్టే చోట రోకలిని నిలువుగా నిలబెట్టి, దారానికి రాయి కట్టి వాలు చూసుకొని, మధ్యాహ్నం నీడ కొసన బొగ్గుతో గీత గీసేది. రోజురోజుకూ గీతలు రోకలి వైపు జరుగుతున్నాయి. రామసుబ్బమ్మ కింద నుంచి, కాకులకు ఇంత కాపలా ఏందే అని అరిచేది. ఒకరోజు మోకాళ్ళు పట్టుకొని మెట్లెక్కి వచ్చి, బొగ్గు గీతలన్నీ చూసి, ఇవేమని అడిగింది. ఈశ్వరి చెప్పింది. పాఠం చెప్పి ఎన్నేళ్ళయిందో, మొదటి మాటకే గొంతు జీరపోయింది. ముసలామె అంతా విని దిగిపోయింది. మరునాడు మధ్యాహ్నం ఈశ్వరి పైకి వెళ్ళేసరికి రామసుబ్బమ్మ అప్పటికే పిట్టగోడ పక్కన కూర్చొని ఉంది. నెత్తిన తడిగుడ్డ, చేతిలో బొగ్గు. “ఈ పొద్దు ఇంకొంచెం దగ్గరికొచ్చింది మే” అంది.

జాతర పొద్దున ఈశ్వరి అందరికంటే ముందే మైదానానికి పోయింది. నడిమధ్యలో రాళ్ళు ఏరి, నేల చదును చేసి, ముగ్గుపిండితో పెద్ద వలయం గీసింది. అందులో రోకలి, ఇత్తడి చెంబు, ఒక పైపు ముక్క, పిల్లలు పట్టుకోవడానికి కర్రలు. సూర్యుడిని నేరుగా చూడగూడదని అట్ట మీద రాసిపెట్టింది. తరువాత బడి వెనకున్న రేకుల వంట షెడ్డులోకి వెళ్ళి నిమ్మకాయలు పిండింది. అన్నం ఆరబోసింది. పోపు వేసింది. ఆ పక్క రాకెట్లు ఎగురుతున్న చప్పుడు, పిల్లల అరుపులు వినిపిస్తుంటే చెవులు అటే పెట్టి చేతులతో అన్నం కలిపింది. వడ్డన సంగతి తోడు వంటకొచ్చిన బయమ్మతో ముందే మాట్లాడుకుంది. పన్నెండు దాటాక నేనుండను, ఎండ చూపించి వచ్చినాకే వడ్డన అని. బయమ్మ చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ నవ్వింది. “ఎండ చూపించేదానికి ఒక మనిషి కావాల్నా అక్కా, మాకు పుట్టినప్పటి నుంచి కనపడతానే ఉండాది కదా.” “నీడ యాడికి పోతాదో కనపడిందా ఎప్పుడన్నా?” అంది ఈశ్వరి. బయమ్మ షెడ్డు బయట ఎండలోకి తొంగి చూసింది.

పన్నెండు కావస్తుండగా ఈశ్వరి చేతులు కడుక్కొని బయటికి వచ్చింది. వచ్చి, అక్కడే నిలబడిపోయింది.

మైదానం నడుమ రంగురంగుల షామియానా లేచి ఉంది. దాని కింద కుర్చీలు, కుర్చీల్లో జనం, జనం కాళ్ళ కింద చెదిరిపోయిన ముగ్గు వలయం. రోకలిని ఎవరో పక్కకు పడుకోబెట్టారు. షామియానా ఓబుళేసు చివరి తాడు మేకుకు బిగిస్తూ ఆమెను చూసి చేయి ఆపాడు. “సారు వేయమన్నాడక్కా. ముఖ్య అతిథి వస్తాండాడంట, ఆయప్ప ఎండకు ఓర్చుకోలేడంట.”

ఈ సీమలో ఎండ పడకుండా మనిషి తల మీద గుడ్డ వేయడమే మర్యాద. పెళ్ళికైనా, చావుకైనా మొదట లేచేది షామియానానే. అందుకని వేసిన వాళ్ళకు గానీ, కింద కూర్చున్న వాళ్ళకు గానీ ఏ తప్పూ తోచలేదు. నీడ పోయేది చూపించాల్సిన చోట నీడ పరిచారు.

జయరాముడు మైకు దగ్గర నుంచి వచ్చాడు. అతిథి దారిలో ఉన్నాడని, రాగానే ఆయనకు మొదట వడ్డించాలని, లోపలికి పొమ్మని చెప్పాడు. ఆమె షామియానా వైపు చూపించింది. ఆయన అటు చూశాడు గానీ, ఆమె చూసింది చూడలేదు.

“ఇప్పుడది తీయిస్తే బాగుండదు ఈశ్వరీ. సూర్యుడు యాడికి పోతాడు, మళ్ళీ చూపిస్తువులే.”

ఆ మాట చదువులేని మనిషి అని ఉంటే ఆమె నవ్వి ఊరుకునేది. అన్నది ఫిజిక్సు మాస్టరు. సూర్యుడు యాడికి పోతాడో ఆయనకు తెలుసు. ఈ పొద్దు దాటితే ఈ ఊరి నడినెత్తిని విడిచి ఉత్తరంగా జరుగుతాడని, ఆగస్టు దాకా తిరిగి రాడని తెలుసు. ఇన్నాళ్ళూ ఆమె చాలావాటిని ఆయనకు తెలియదు పాపం అని సర్దుకుంది. తన అలసట తెలియదు, ఆ లెక్కలు తనవని గుర్తుండదు, దంపతులు అని రాయించడంలో దురుద్దేశం లేదు అనుకుంది. తెలియకపోవడం ఎంత పెద్ద నీడ, దాని కింద ఆయన్ను కూర్చోబెట్టి తను ఎన్నేళ్ళు తాడు పట్టుకొని నిలబడింది. ఇప్పుడు ఆ నీడ కూడా లేదు. ఆయనకు తెలుసు. తెలిసీ, ఆగగలిగేది ఈశ్వరే అనుకున్నాడు. సూర్యుడు ఆగడు, అతిథి ఆగడు, అన్నం ఆగదు. ఈశ్వరి ఆగుతుంది.

ఆమె నడిచి వెళ్ళి, మొదటి మేకు దగ్గర కూర్చొని తాడు విప్పడం మొదలుపెట్టింది.

ఓబుళేసు పరుగెత్తుకొచ్చాడు. “అక్కా, సారు నన్ను తిడతాడు.”

“నేను విప్పినానని చెప్పు.”

ముడి గట్టిగా పడింది. గోళ్ళు నొప్పి పుట్టాయి. కుర్చీల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో, ఏమప్పా ఆయమ్మకేమైంది అన్నారు. జయరాముడు దగ్గరగా వచ్చి, గొంతు తగ్గించి, అందరూ చూస్తాండారు అన్నాడు. చూడాలనే కదా అనుకుంటూ ఆమె ముడిలోకి పుల్ల దూర్చింది.

అప్పుడు ముందు వరసలో ఒక కుర్చీ కిర్రుమంది. రామసుబ్బమ్మ లేచింది. లేచి, తన కుర్చీని తనే ఈడ్చుకుంటూ షామియానా దాటి ఎండలోకి వచ్చి, దబ్బున వేసి కూర్చుంది. “శివరాత్రి కాడ నుంచి కాసుకోనుండాను నేను” అని కొడుకుతో అంది. ఆ తరువాత జనం వైపు తిరిగింది. “లేసి రాండప్పా. ఆ గుడ్డ కింద ఏముండాది?”

వంట షెడ్డు నుంచి బయమ్మ వచ్చింది. ఆమె వెనక గంటెలు, జల్లెడలు వదిలేసి మిగిలిన ఆడవాళ్ళు వచ్చారు. పశువుల పలుపులు విప్పి అలవాటైన చేతులు వాళ్ళవి. ఒక్కో మేకు దగ్గర ఇద్దరేసి కూర్చున్నారు. ఇక ఓబుళేసు కూడా ఊరుకోలేక, గుంజలు మనుషుల మీద పడకుండా పట్టుకుంటూ, కుర్చీల్లో వాళ్ళను లేపుతూ తిరిగాడు. షామియానా ఒకవైపు ఒరిగి, గాలి పోయిన బుడగలా నేలకు దిగింది. ఒక్కసారిగా ఎండ మైదానమంతా పరుచుకుంది.

ఈశ్వరి వలయం మళ్ళీ గీయలేదు, అంత సమయం లేదు. రోకలిని లేపి, రాయి కట్టిన దారం పక్కన పట్టి నిలబెట్టింది. నీడ ఇంకా వేలెడంత ఉంది. పిల్లలు చెంబును, పైపు ముక్కను ఏరి తెచ్చి పక్కన నిలబెట్టి చుట్టూ మూగారు. గొర్రెలు కాసే ఒక ముసలాయన తన కర్రను తనే నిలువుగా పట్టుకొని వంగి చూస్తున్నాడు. మైకులో జయరాముడి గొంతు ఏదో వివరించబోయి, ఎవరూ అటు తిరగకపోవడంతో ఆగిపోయింది. ఈశ్వరికి మైకు అవసరం కాలేదు. ట్యుటోరియల్ గది చివరి బెంచీ దాకా వినిపించిన గొంతు, ఎక్కడికీ పోలేదు.

“చూస్తా ఉండండి. పైకి చూడొద్దు, నేలను చూడండి” అంది.

నీడ కుంచించుకుంటూ వచ్చింది. రోకలి పాదాన్ని తాకింది. దాని కిందికి దూరింది. ఇక లేదు.

చెంబు చుట్టూ ఎక్కడా నలుపు లేదు. పైపు ముక్క కింద సన్నని ఉంగరం తప్ప ఏమీ లేదు. ముసలాయన కర్రను ఎత్తి మళ్ళీ నేలకు ఆనించాడు, నీడ కర్రకు అతుక్కుపోయి ఊడి పడుతుందేమో అన్నట్టు. పిల్లలు ఎగిరి ఎగిరి తమ కాళ్ళ కిందే గెంతుతున్న నీడలను తొక్కబోయారు. బయమ్మ తన చుట్టూ తను తిరిగి, “యాడా లేదు కదక్కా” అంది మెల్లగా. ఆమె గొంతులో భయం లేదు, వింతా లేదు. ఎప్పుడూ వెంటబడి వచ్చేది ఏదో ఒకటి కాసేపు వదిలినట్టున్న తేలిక. అప్పుడే వచ్చిన ముఖ్య అతిథి కారు దిగి, తనకోసం ఎవరూ ఎదురు రాకపోవడం చూసి, తనే వచ్చి గుంపు వెనక నిలబడి, తలపాగా సర్దుకుంటూ కాళ్ళ కిందికి చూసుకున్నాడు.

కాసేపటికి రోకలికి అటువైపు సన్నటి నీడ మొలిచింది. చప్పట్లు మొదలయ్యాయి. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఈశ్వరి రోకలిని పట్టుకొని నిలబడే ఉంది. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేదు. తన వైపు చూస్తున్న ఆ మొహాల్లో ఒక్కటి కూడా అన్నం అడగడం లేదు. గుంపు చివర నుంచి మెడలు సాగుతున్నాయి.

ప్రశ్నలు పైబడ్డాయి. ఎందుకు పోయింది, మళ్ళీ ఎప్పుడు పోతుంది, చలికాలం నీడ ఎందుకంత పొడుగు. ఆమె ఒక్కొక్కరికీ జవాబు చెప్పింది. గుత్తి నుంచి వచ్చిన నందిని అనే టీచరమ్మ గుంపును తోసుకుంటూ ముందుకొచ్చింది. “మేడం, మా ఊర్లో కూడా ఈ పొద్దేనా? మా పిల్లలు చూడలేదే” అంది దిగులుగా.

“లేదు. గుత్తి మనకు ఉత్తరాన ఉండాది కదా. నాలుగైదు రోజులు పడుతుంది ఆడికి చేరేదానికి.”

“అయితే మీరొచ్చి చూపిస్తారా?”

జయరాముడు అప్పటికి పక్కకు వచ్చి నిలబడ్డాడు. మొహంలో కోపం లేదు, ఏమి చేయాలో తోచనితనం ఉంది. ఆమె కోసం ఆయనే జవాబు చెప్పబోయాడు. గుత్తి చాలా దూరమని, ఆ వారంలోనే తన అక్కావాళ్ళు పిల్లలతో సెలవులకు వస్తున్నారని, ఇంట్లో ఈశ్వరి లేకుంటే కష్టమని నందినికి వివరిస్తున్నాడు. ఆ తరువాత భార్య వైపు తిరిగి, ఇక చాలన్నట్టు అన్నాడు. “గుత్తికి ఎట్లా పోతావు నువ్వు, ఎవరితో?”

ఈశ్వరి రోకలిని నేల మీద ఆనించి, ఉత్తరం వైపు ఎండలో మెరుస్తున్న రోడ్డును చూసింది.

“సూర్యుడు పోతాండాడు. ఆయప్పతో పోతా.”