ఫిల్టర్ హౌసు నీళ్లు

గాజుగొట్టంలో పట్టిన నీళ్లలో బాలస్వామి అయిదు చుక్కల పరీక్షమందు వేసి, మూతిని బొటనవేలితో మూసి రెండుసార్లు తిరగేశాడు. నీళ్లు పసుప్పచ్చగా మారాయి. తలుపు దగ్గరి వెలుతురులో ఎత్తి చూసుకున్నాడు. రంగు వస్తే బ్లీచింగు సరిపోయినట్టు, రాకపోతే ఇంకా కలపాలి. ఇరవై ఎనిమిదేళ్లుగా నందికొండ కాలనీ తాగే నీళ్లకు పొద్దున్నే ఈ పరీక్ష చేసేది అతనే. ఇంజనీర్లు ఎందరో వచ్చారు, పోయారు. ఈ పని తనంత నికరంగా ఎవరికీ రాదని అతనే చెప్పుకునేవాడు. అందులో అబద్ధమేమీ లేదు కూడా.

పొట్టి మనిషి. ఖాకీ చొక్కా ముందు భాగమంతా బ్లీచింగు తిని మచ్చలు పడింది. వేళ్ల సందులు పగిలి, గోళ్లు పాలిపోయి ఉంటాయి. ఆ ఘాటు అతని ముక్కుకు తెలియడం ఎప్పుడో మానేసింది. బస్సులో పక్కవాళ్లు దూరం జరిగితే, పెద్దమనిషని చోటిస్తున్నారనుకునే అమాయకుడు.

అప్పుడే బ్లీచింగు మందు కలిసిన తొట్టిలో బిందె ముంచుకుని ఇంటికి బయలుదేరాడు. ఇంట్లో నల్లా లేక కాదు. అంత దూరం గొట్టాల్లో వచ్చేసరికి నీళ్లలో మందు బలం తగ్గిపోతుందని అతని బాధ. ఇంట్లో ఉన్న రోగులకు బలమైన నీళ్లే కావాలి మరి.

రోగులంటే చేపలు. రెండు నెలల కింద బదిలీ మీద పోతూ ఒక ఇంజనీరుగారు గాజుతొట్టిని, అందులోని ఆరు బంగారు చేపలను బాలస్వామికి ఇచ్చి పోయాడు. దాన్ని తెచ్చి భార్య అమృతమ్మ మంచానికి ఎదురుగా స్టూలు మీద పెట్టాడు. ఎండాకాలంలో ఆమెకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. కూర్చోబెట్టండి, పడుకోనిస్తే మనిషి దక్కదని దవాఖానలో డాక్టరు చెప్పాడు. భర్త బతిమాలినా, తిట్టినా ఆమె లేచి కూర్చోలేదు. చేపలు వచ్చిన మూడోరోజు, తొట్టి మూలకు పోయిన చేప కనిపించక, ఎడమచేయి ఊతగా తనంతట తనే లేచింది. బాలస్వామి వంటింట్లోకి పోయి తువ్వాలలో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. అప్పటినుంచి ఆమె రోజూ గోడకానుకుని కూర్చుంటోంది.

తర్వాత ఒక చేప తోక మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు లేచాయి. బాలస్వామికి తెలిసిన వైద్యం ఒక్కటే, మంచినీళ్లు. వారానికోసారి కూడా మార్చనివాడు రోజూ మార్చడం మొదలుపెట్టాడు. పదిరోజుల్లో నాలుగు చేపలు పోయాయి.

ఈరోజు కూడా నీళ్లు పోస్తుంటే అమృతమ్మ ఎడమచేయి ఎత్తింది.

"మార్చకు" అంది. మాట ముద్దగా వచ్చింది. "వాసనొస్తాంది."

"గది మంచినీళ్ల వాసనే. నా బతుకంతా గీ నీళ్లల్లనే పాయె, నువ్వు జెప్తవా నాకు?"

ఆమె చేయి దించేసింది. మిగిలిన రెండు చేపలూ నీళ్ల పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఆకలేమోనని అతను రెండు మరమరాలు నలిపి వేసి మళ్లీ డ్యూటీకి పోయాడు.

మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా మక్సూద్ ఫోను బూతుకు నడిచాడు. ఒకప్పుడు క్యాసెట్లు అమ్మిన మక్సూద్ ఇప్పుడు ఎస్టీడీ బూతు నడుపుతున్నాడు. ఆ ఏడే, తొంభైతొమ్మిదిలో, ఫోను తీగతో లోకంతో మాట్లాడే కంప్యూటరొకటి తెచ్చి పెట్టాడు. చేపలు పెంచేవాళ్లందరూ ఒకచోట రాసుకునే జాగా ఉంటుందని, అందులో అడుగుదామని చెప్పింది అతనే. మొన్న ఇద్దరూ కూర్చుని ఇంగ్లీషులో రాశారు. చుక్కల సంగతి రాశాక బాలస్వామి పట్టుబట్టి ఇంకో మాట చేర్పించాడు.

"నీళ్లు రోజు మారుస్తమని రాయి భాయ్. మందు బాగ కలిసిన మొదటి నీళ్లని రాయి. లేకుంటే మనల్ని మురికోళ్లనుకుంటరు."

ఇప్పుడు జవాబు వచ్చి ఉంది. మక్సూద్ మొదట లోపల్లోపల చదువుకున్నాడు.

"ఏమన్నడు?" అన్నాడు బాలస్వామి.

"ఆడామె అన్నా, ఏదో చలిదేశం. ఆ చుక్కలు చిన్న రోగమేనట. జర ఉప్పేస్తే పోవునట." మక్సూద్ తెర మీదనుంచి చూపు తిప్పలేదు. "నీళ్లల్ల బ్లీచింగు ఉంటే చేపల మొప్పలు కాలిపోతయట. రోగం గాదు, నీళ్లే సంపుతున్నయట."

"సరిగ సదువు."

మక్సూద్ మళ్లీ చదివాడు. నీళ్లేనన్నాడు. ఆ నీళ్లు వెంటనే తీసేసి, మందు కలపని వాగునీళ్లో బావినీళ్లో పోయమందట. చివర ఒక ప్రశ్న కూడా రాసింది.

"ఇన్ని దినాలు నీకు గీ సంగతి జెప్పెటోళ్లు ఎవ్వరు లేరా అని అడిగింది."

బాలస్వామి లేచాడు. పరుగులాంటి నడకతో ఫిల్టర్ హౌసు చేరాడు. కృష్ణ నీళ్లు లోపలికొచ్చే కాలువ దగ్గర ఒక ఖాళీ రేకుడబ్బా తీసుకుని ముంచాడు. మట్టిరంగు నీళ్లు. ఆ నీళ్లను ఎవరైనా తాగబోతే చేతిలోది లాక్కుని పారబోసినవాడతను.

"గవెందుకే, మందు గలపనివి?" అన్నాడు డ్యూటీలో ఉన్న గాలయ్య.

బాలస్వామి డబ్బా భుజానికెత్తుకున్నాడు. దారిపొడుగునా ఒకటే ఆలోచన. చెప్పేవాళ్లు లేకేం, అమృతమ్మ రోజూ చెప్పింది. పక్షవాతం రావడానికి ముందు కూడా వారం రోజులు తలకాయ నొస్తోందని చెప్పింది. ఎండకు తిరుగుతున్నావు, నీళ్లు తాగమని చెంబు చేతికిచ్చి తను డ్యూటీకి పోయాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె మాట చివరిదాకా విన్నదెప్పుడని వెతుక్కుంటే ఒక్కటీ గుర్తుకు రాలేదు.

ఇల్లు చేరేసరికి ఒక చేప తేలి ఉంది. ఇంకొకటి అడుగున పక్కకు ఒరిగి ఉంది. చెంబుతో పాతనీళ్లు తోడిపోసి, డబ్బాలోవి మెల్లగా వంపాడు. తొట్టి మసకబారింది. చేప మొప్పలు ఒకసారి కదిలాయి, కాసేపటికి ఇంకోసారి. అతను స్టూలు పక్కన గొంతుక్కూర్చుని చూస్తూనే ఉన్నాడు. కాలనీలో దీపాలు వెలిగే వేళకు మొప్పలు కదలడం లేదు. ఎప్పుడు ఆగాయో అతనికి తెలియలేదు. అమృతమ్మకు తెలిసినట్టుంది, అప్పటికే కళ్లు తిప్పేసుకుంది.

"నేనే సంపిన" అన్నాడు బాలస్వామి. "నీళ్లే సంపినయట. నువ్వు జెప్పుతనే ఉంటివి, నేనే ఇనకపోతి."

నేను చెప్పలేదా అని ఆమె అనలేదు. అని ఉంటే అతనికి కొంత నయంగా ఉండేది. గోడకు ఆనుకున్న వీపును మెల్లగా జార్చుకుంటూ పడుకుంది.

"అమృతా, ఇంకో రెండు తెస్త. హైదరాబాదు పోయి తెస్త."

"మంచం తిప్పు" అంది ఆమె.

"ఏందే?"

"గోడ దిక్కు. తిప్పు."

ఈసారి అతను ఆమె చెప్పినట్టే చేశాడు. మంచంకోళ్లు పట్టుకుని, ఆమె కదలకుండా, కొంచెం కొంచెంగా తిప్పాడు. దుప్పటి సర్ది, దీపం వేయడానికి లేచాడు.

గుమ్మం పక్కన రేకుడబ్బాలో మిగిలిన కృష్ణనీళ్లు, మట్టి అడుక్కి దిగి, తేటపడుతున్నాయి.