మూడువందల పదకొండో చీటీ

చెత్త కనబడితే మా ఆఫీసు పెద్దమ్మకు చేతులు ఊరుకోవు. బల్ల మీద దుమ్ము, కప్పు అంచున మరక, ఏదీ ఆవిడ కంటబడి బతకదు. ఈ పిల్లల ఆశ్రమంలో ముప్పై ఏళ్ళుగా గుమాస్తా. ఆ శుభ్రం పిచ్చి మీద అందరికంటే ఎక్కువ జోకులేసింది నేనే.

ఇక్కడ కంప్యూటర్ పనులు చూసేది నేను. పిల్లల్ని వదిలి వెళ్ళిన తల్లులు తమ తమ భాషల్లో రాసిన చీటీలన్నీ అందులోనే ఉన్నాయి. పైపు పగిలి బీరువా తడిసిన ఏడాది కాగితాలు ముద్దైపోయాయి కాబట్టి ఇంకెక్కడా లేవు. సోమవారం వాటిని కొత్త మెషీన్‌లోకి మార్చాను. ఏ అక్షరాల పట్టికతో చదవాలో చెప్పే ఒక్క సెట్టింగు మర్చిపోయాను. చీటీలన్నీ తెర మీద వంకర గుర్తులైపోయాయి. లోపల సరుకు భద్రమే, ఐదు నిమిషాల పని, రేపు చూద్దాంలే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. పాత మెషీన్‌ని ఖాళీ చేసేశాను కూడా. నా తెలివి తగలెయ్య!

మంగళవారం పదకొండింటికి ఒక అమ్మాయి వచ్చింది. గోడ బోర్డు మీద ఆ వారం రావాల్సినవాళ్ళ చీటీ నంబర్లున్నాయి: మంగళవారం 311, గురువారం 87.

"మూడువందల పదకొండు నేనేనండీ. మా అమ్మ రాసిన చీటీ చూడాలి," అంది గుమ్మంలోంచే.

"రా తల్లీ, కూర్చో," అని పెద్దమ్మ లేచి, నా పక్కకొచ్చి గొంతు తగ్గించింది. "అమ్మాయ్, నీ కొత్త మెషీన్‌కి పురుగు పట్టినట్టుంది. పొద్దుట్నుంచీ దులుపుతున్నా."

"దులపడమేంటి?"

"ఆ పిచ్చిగీతలన్నీ చెరిపేస్తున్నా. ఒకటో నంబర్నించి."

నేను లేచాను. "ఎక్కడిదాకా వచ్చావ్?"

"మూడొందలు దాటేశా. ఒకటి సగం చెరిపానో లేదో, ఈ పిల్ల పిలిచింది."

ఆవిడ బల్ల దగ్గరికెళ్ళి తెర చూశాను. 311. గుర్తులు సగమే మిగిలాయి. కింద 'మార్పులు భద్రపరచాలా?' అని అడుగుతోంది. నాకు చూపించడానికి పెద్దమ్మ మౌస్ పట్టుకుంది. అలవాటు పడ్డ వేలు 'అవును' మీదికి పోతోంది.

"చెయ్యి తియ్యి!"

నా అరుపుకి ఆ అమ్మాయి కూడా లేచి నిలబడింది. పెద్దమ్మ చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆవిడను పక్కకి తోసి 'వద్దు' నొక్కాను. చెరిగిన సగం తిరిగొచ్చింది. సెట్టింగు రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారికి వంకర గుర్తులు పోయి అక్షరాలు నిలబడ్డాయి.

ఆ భాష నాకు రాదు. ఆ అమ్మాయికి వచ్చు, ఈ చీటీ కోసమే నేర్చుకుందట. చదివి, మళ్ళీ మొదటినుంచి చదివింది.

"'దీనికి చీకటంటే భయం, దీపం ఆర్పకండి' అని రాసింది," అంది. "నేనిప్పటికీ ఆర్పనండీ."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

పెద్దమ్మ మాత్రం బోర్డు వైపు చూస్తోంది.

"అమ్మాయ్," అంది. "ఆ 'వద్దు' ఏదో ఎనభై ఏడుకి కూడా నొక్కవూ?"

ఎనభై ఏడు తెరిచాను. చీటీ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఆవిడ దాన్ని పొద్దున్నే శుభ్రంగా చెరిపి 'అవును' నొక్కేసింది, ఇక 'వద్దు' పనిచెయ్యదు. నిన్న నేనొక్క మాట చెప్పి ఉంటే ముట్టుకునేదే కాదు.

ఆవిడ ఇంకా నా చేతి వైపే చూస్తోంది.