బల్లార్షా నీళ్ళు

నేను ఒక మరచెంబుని. ఈ కాలం పిల్లలకి నన్ను చూపిస్తే పూలకుండీ అంటున్నారు, అందుకని చెప్పుకోవలసి వస్తోంది. నా మూతకి మర ఉంటుంది. తిప్పితే బిగుస్తుంది, ఎంత కుదుపులోనైనా నీళ్ళు ఒలకవు. సీసా నీళ్ళు అమ్మే రోజులు రాకముందు దూరప్రయాణం అంటే ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో మేము.

పుట్టింది ఇత్తడి సామానుకి పేరుపడ్డ అజ్జరంలో. ఇత్తడి కరిగించి నన్ను పోత పోశారట, లోపల కళాయి పూశారట. ఇవన్నీ విన్న సంగతులే. మనుషులు మాత్రం పుట్టిన సంగతి ఎవరో చెబితే కాదూ తెలుసుకునేది.

నన్ను కొన్నది వరహాలమ్మగారు. తణుకు పక్క పల్లెటూరు, పెంకుటిల్లు, భర్త పోయాడు, వీరభద్రం అని ఒక్క కొడుకు. ఆవిడకి యాత్రలంటే పిచ్చి. కొందరు వెళ్ళొచ్చిన ఊళ్ళ పటాలు గోడలకి తగిలిస్తారు, కొందరు వచ్చినవాళ్ళనందరినీ కూచోబెట్టి చెబుతారు. ఈవిడ ఊరి పేరు నా పొట్ట మీద కొట్టించేది. తణుకులో కంచరి నాగలింగం చిన్న ఉలితో చుక్కచుక్కగా పొడుస్తూ అక్షరాలు చెక్కేవాడు. నాకు చదువు రాదు కాబట్టి నా మీద ఏముందో వచ్చినవాళ్ళు చదివితే విని తెలుసుకున్నాను. అన్నవరం, ద్వారకాతిరుమల, తిరుపతి.

దానికో నియమం ఉండేది. ఆ ఊరి నీళ్ళు నాలో పడితేనే ఆ పేరు నా మీద పడాలి. శ్రీశైలం వెళ్ళినప్పుడు కుళాయిలు ఎండిపోయి అందరూ సోడాలు తాగారు. మల్లన్న దర్శనం బ్రహ్మాండంగా అయింది గాని, "సోడా తాగిన ఊరు రాయించకూడదు" అని వరహాలమ్మగారు ఆ పేరు కొట్టించనివ్వలేదు. ఇప్పటికీ నా మీద శ్రీశైలం లేదు. అంత నిక్కచ్చి మనిషి.

అలాంటి మనిషి కాశీకి బయలుదేరింది. రాజమండ్రి నుంచి ఒక యాత్రా గుంపు వెళ్తుంటే అందులో చేరింది. మా ఊరివాళ్ళెవరూ అందులో లేరు. బయలుదేరే ముందు నా మూత మర అరిగి లొటలొటలాడుతోందని వీరభద్రానికిచ్చి నాగలింగం దగ్గరికి పంపింది. ఎక్కడికి ప్రయాణమని నాగలింగం అడిగాడు. అమ్మ కాశీ వెళ్తోందని వీరభద్రం చెప్పాడు. అంతే. నాగలింగం చేతులు కడుక్కుని వచ్చి, అడక్కుండానే, ఊరికినే, భక్తితో 'కాశీ' అని కొట్టేశాడు. పక్కన ఒక పువ్వు కూడా వేశాడు. వరహాలమ్మగారు కొడుకుని తిట్టింది. తిట్టి, ఎలాగూ వెళ్తున్నాం కదా అని ఊరుకుంది.

బెజవాడలో రైలు మారాలి. అక్కడ ప్లాట్‌ఫారం మీద పులిహోర తింది. ఆ పులిహోర ఆవిణ్ణి కాశీ వెళ్ళనివ్వలేదు. వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే గుంపు పెద్ద ఆవిణ్ణి బెజవాడలోనే ఉన్న చెల్లెలు సుభద్రమ్మ ఇంట్లో దింపి వెళ్ళిపోయాడు. గుంపు కాశీ చూసి తిరిగొచ్చేదాకా వరహాలమ్మగారు చెల్లెలింట్లో జావ తాగుతూ పడుకుంది. నాలో కృష్ణ కుళాయి నీళ్ళు పోశారు.

నీరసంగా ఊళ్ళో బస్సు దిగేసరికి ఎదురుగా డోలూ సన్నాయీ. పక్కింటి చిట్టెమ్మ పళ్ళెంలో ఆవిడ కాళ్ళు కడిగి ఆ నీళ్ళు నెత్తిన జల్లుకుంది. మెడలో దండ పడింది. 'నేను వెళ్ళలేదు' అనే మాట చెప్పడానికి ఎక్కడా సందు దొరకలేదు. ఎవరో నన్ను పైకెత్తి 'కాశీ' అని గట్టిగా చదివారు కూడా. సుభద్రమ్మ తన కాశీయాత్ర తాలూకు నల్లదారాలు మిగిలితే అక్క సంచిలో పెట్టింది. అవే పంచారు. కాశీ వెళ్ళినవాళ్ళు ఇష్టమైనదేదో అక్కడ వదిలెయ్యాలి కదా, నువ్వేం వదిలావని చిట్టెమ్మ అడిగింది. వరహాలమ్మగారికి అప్పటికప్పుడు ఏమీ తోచక నిజంగా ఇష్టమైనదే నోటికొచ్చింది. పనసపండు. ఇక ప్రతి వేసవీ చిట్టెమ్మ తన పెరటి పనసతొనలు వీధి వీధంతా పంచి, ఈ ఇంటికి మాత్రం ఆవిడ పుణ్యం చెడకూడదని మామిడిపండ్లు పంపేది.

ఇంతలో వీరభద్రానికి పెళ్ళయింది. కోడలు మంగతాయారు. ఏడో తరగతిలో బడి మానిపించారట. చింతపండుతో నన్ను తోముతూ నా పొట్ట మీది పేర్లు కూడబలుక్కుని చదివేది. మరుసటేడు పిల్లాడు పుట్టాడు, కాశీపతి అని పేరు పెట్టారు. ఆ పేరు నాగలింగం ఉలి పుణ్యమేనని నాకూ వరహాలమ్మగారికీ మాత్రమే తెలుసు.

తాయారుకి భయాలు ఎక్కువ. పిల్లాడు తుమ్మితే భయం, తుమ్మకపోతే ముక్కు పట్టేసిందేమోనని భయం. నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. ఊపిరి తగిలితే, మరీ వేడిగా ఉందేమిటని అత్తగారిని లేపేది. వరహాలమ్మగారు విసుక్కోకుండా చెయ్యి వేసి చూసి, "బానే ఉన్నాడు, పడుకో" అనేది. రోజూ అదే మాట. తాయారుకి ఆ మాట ఎవరన్నా సరిపోదు, ఆవిడే అనాలి.

అలాంటి ఆవిడ మంచం పట్టింది. కాళ్ళకి నీరు దిగింది. డాక్టరు వచ్చి, ఆవిడకి ఇష్టమైనవి పెట్టండి అన్నాడు. ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు. ఒకరోజు తాయారు నాలోంచి నీళ్ళు తాగించబోతే వరహాలమ్మగారు నా మీద చెయ్యి వేసి ఆపి, పులిహోర దగ్గర్నుంచి పనసపండు దాకా అన్నీ చెప్పింది. చెబుతున్నంతసేపూ కోడలి మొహం చూడలేదు, నన్నే చూసింది.

"ఈ చెంబు నా మూలాన అబద్ధమాడుతోందే తాయారూ. దీంట్లో గంగ పట్టి తెచ్చి నా నోట్లో ఓ చుక్క పొయ్యి. అప్పుడు పోతాను" అంది.

తాయారు తణుకు దాటి ఎరగదు. పిల్లాడు చంటివాడు. అయినా తలూపింది. తల్లి మొక్కు అని వీరభద్రానికి చెప్పారు. వెళ్ళొచ్చినావిడకి మళ్ళీ గంగెందుకని అతను అడుగుతుండగానే తాయారు పెట్టె సర్దేసింది. బెజవాడ నుంచి సుభద్రమ్మ వచ్చి అక్క దగ్గర కూచుంది.

రైల్లో తాయారు పిల్లాడి మొలతాడుని తన పైటచెంగుకి ముడేసుకుంది. కిటికీలోంచి ఎగిరిపోతాడని. నన్ను ఒళ్ళో పెట్టుకుంది. వీరభద్రం పై బెర్తు ఎక్కి హాయిగా పడుకున్నాడు. రైలు వరంగల్ దాటేసరికి పిల్లాడి ఒళ్ళు వెచ్చబడింది. ఎప్పటిలా భయమే అనుకుంది తాయారు. బానే ఉన్నాడని చెప్పే మనిషి పక్కన లేదు. నాలోని ఇంటి నీళ్ళతో గుడ్డ తడిపి నుదుట వేసింది. గుడ్డ ఆరిపోతోంది, మళ్ళీ తడుపుతోంది. నేను ఖాళీ అయ్యాను. పిల్లాడు పాలు తాగడం మానేశాడు. ఆ తర్వాత ఏడవడం కూడా మానేశాడు. ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నాయి. అప్పుడు తాయారు చెయ్యెత్తి మొగుణ్ణి తట్టి లేపింది. రైలు బల్లార్షాలో ఆగుతోంది.

"ఇంకొక్క రోజు ఓపిక పడితే కాశీయే కదే" అన్నాడు వీరభద్రం.

"వీడికి లేదండి ఆ ఓపిక."

"అమ్మకి ఏం చెబుతాం?"

"గంగ ఎక్కడికీ పోదు. దిగండి."

తాయారు మొగుడితో అలా మాట్లాడగా నేను వినడం అదే మొదలు. అతనూ వినడం అదే మొదలనుకుంటాను, చెప్పులు అక్కడే వదిలేసి దిగాడు. రైలు కాశీ వెళ్ళిపోయింది. చెప్పులు కాశీ వెళ్ళాయి.

ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే ముసలాయన తెలుగువాడు, గోదావరి అవతల సిరొంచ వైపు మనిషి. ఏమీ అడక్కుండా గిన్నె దింపేసి దగ్గరుండి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు హిందీలో అన్నదాన్ని తెలుగులో చెప్పాడు. నిమ్ము చేసిందట. రైల్లో ఇంకో రోజు ఉంటే పిల్లాడు దక్కేవాడు కాదట. తాయారు ఏడవలేదు. ఇంజెక్షన్ ఎక్కడ పొడుస్తారు, సూది మరిగించారా లేదా అని ముసలాయన చేత అడిగించింది. డాక్టరు రెండోసారి మరిగించాడు.

పిల్లాడు కళ్ళు తెరిచి పాలకి వెతుక్కునేదాకా ఆ ఆసుపత్రి వరండాలోనే ఉన్నారు. ఇక ముందుకి వెళ్ళొద్దని, తిన్నగా ఇంటికి పొమ్మని డాక్టరు చెప్పాడు. తిరుగు రైలు ఎక్కేముందు తాయారు నన్ను ప్లాట్‌ఫారం కుళాయి కింద పెట్టింది. బొగ్గు గనుల ఊరు, నీళ్ళలో ఇనుము వాసన. నింపి మూత బిగించింది.

దారిలో వీరభద్రం, అమ్మకి ఇవే గంగ అని పోసేద్దామన్నాడు. చావుబతుకుల్లో ఉన్న మనిషి సంతోషంగా పోతుందన్నాడు. "నీళ్ళ మీద ఊరి పేరు రాసుంటుందేంటే" అన్నాడు.

తాయారు నా వైపు చూసింది. రాసే ఉంది. తప్పు రాసి ఉంది, అంతే తేడా.

అతను చెప్పిందాంట్లో తప్పేమీ లేదని ఆమెకీ అనిపించినట్టుంది. పైట కొంగుతో నా పొట్ట మీద 'కాశీ' అన్నచోట తుడుస్తూ కూచుంది. ఒక్క చుక్క, ఒక్క మాట, ముసలావిడ కళ్ళు మూసుకుంటుంది. నిజం చెబితే ఆ కోరిక తీరకుండానే పోతుంది. పోనీ అబద్ధం చెబితే, ఒకసారి చెప్పిన అబద్ధంతో అన్నేళ్ళు నలిగిన మనిషి నోట్లో, చివరికి ఇంకో అబద్ధం పోసినట్టవుతుంది. తణుకు దాకా తుడుస్తూనే ఉంది. ఏం చేస్తుందో నాకూ అంతుపట్టలేదు.

ఇంట్లో జనం ఉన్నారు. గంగ వస్తోందంటే ఎవరు మాత్రం రారు. చిట్టెమ్మ స్నానం చేసి తడిబట్టతో నిలబడింది. సుభద్రమ్మ అక్క తల ఒళ్ళో పెట్టుకుంది. వరహాలమ్మగారు నన్ను చూడగానే నోరు తెరిచింది. తాయారు నా మూత తిప్పి, ఉద్ధరిణెలో నీళ్ళు పోసి, ఆ నోటి దగ్గర దాకా తెచ్చి ఆపింది. 

"అత్తయ్యగారూ, ఇవి బల్లార్షా నీళ్ళండి. పిల్లాడికి జొరమొస్తే దిగిపోయేం. కాశీ వెళ్ళలేదు."

 వీరభద్రం గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు. వరహాలమ్మగారు నోరు మూసింది. కాసేపటికి మళ్ళీ తెరిచింది.

"పిల్లాడికెలా ఉందే?"

"తగ్గిందండి."

"ఇలా తే." పిల్లాడి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "బానే ఉన్నాడు" అంది. "పొయ్యి మరి, ఆ నీళ్ళు."

తాయారు పోసింది. ముసలావిడ ఉద్ధరిణె పక్కకి నెట్టి నన్నే అందుకుని గుటకలు వేసి తాగింది. మూతి తుడుచుకుని, తడిబట్టతో ఉన్న చిట్టెమ్మ వైపు తిరిగింది.

"చిట్టెమ్మా, నేనూ వెళ్ళలేదే. బెజవాడ దాకే."

చిట్టెమ్మ నెత్తి తడుముకుంది. "వదినా, ఆ రోజు నీ కాళ్ళు కడిగిన నీళ్ళు నెత్తిన జల్లుకున్నాను."

"జల్లుకున్నావు."

"మా కోడలి చేత కూడా జల్లించేను."

"జల్లించేవు."

"మరిప్పుడేం చెయ్యమంటావు?"

"తలంటుకోండి ఇద్దరూ" అంది వరహాలమ్మగారు.

సుభద్రమ్మ ముందు నవ్వింది. తర్వాత ఎవరు నవ్వారో, ఎవరు నవ్వలేదో నాకు గుర్తు లేదు. చిట్టెమ్మ మాత్రం అలిగి, తడిబట్టతోనే వెళ్ళిపోయి, సాయంత్రం ఒక గిన్నె నిండా పనసతొనలు పంపింది. అది కోపమో, క్షమో తేల్చుకోవడానికి వీధివాళ్ళకి చాలా రోజులు పట్టింది.

నన్ను సరిచేయించమని వరహాలమ్మగారే చెప్పింది. పిల్లాణ్ణి చంకనేసుకుని తాయారే తణుకు తీసుకెళ్ళింది. నాగలింగం నన్ను తిప్పి తిప్పి చూశాడు. కొట్టింది చెరపడం తన వల్ల కాదన్నాడు, కలపడమైతే కలుపుతానన్నాడు. కలిపాడు. ఇప్పుడు నా మీద 'కాశీ దారి బల్లార్షా' అని ఉంది. దారి అన్న మాట ఇరుకులో పడి పువ్వుకి తగిలింది. అయినా చదవొచ్చు.

గంగ కోసం ఆగిన ముసలావిడ, గంగ రాదని తెలిశాక ఇంకొన్నేళ్ళు ఆగింది. కాళ్ళ నీరు తీసింది. కాశీ మాత్రం వెళ్ళలేదు. వెళ్ళమని ఎవరన్నా అంటే, మళ్ళీ పులిహోర ఎవరు తింటారనేది. ఆవిడ పోయాక ఇల్లు తాయారు చేతికొచ్చింది. నేను ముందు గది అల్మరాలో ఉంటున్నాను. నాలో నీళ్ళు పొయ్యడం లేదు. ప్రయాణాలు ఇప్పుడు ఫోన్లలో దాచుకుంటున్నారు. ఊరికి వీపు పెట్టి నిలబడి ఫొటో తీసుకుంటారు, ఊరు వెనక ఎక్కడో ఉంటుంది. నీళ్ళు పడ్డాయా లేదా అని అడిగేవాళ్ళు లేరు.

చుట్టాలొస్తే మాత్రం నన్ను తీసి చదువుతారు. తిరుపతి దగ్గర తలూపుతారు. చివరి పేరు దగ్గర ఆగిపోతారు. బల్లార్షాలో ఏ దేవుడు, ఏం మొక్కుకుంటారు అని అడుగుతారు. అక్కడ గుడి సంగతి తనకి తెలీదని, తమవాడికి జొరమొస్తే దిగామని, తగ్గిందని తాయారు ఉన్నదున్నట్టు చెబుతుంది. వాళ్ళు అంతా విని, ఏమీ అర్థం కాక, ఎందుకైనా మంచిదని నాకు దణ్ణం పెట్టి, మళ్ళీ అల్మరాలో పెడతారు.